చావని చేపలే కావాలన్నారు

నా గాలం వల్లే మా ఆయన ఉద్యోగం పోయిందట. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నవ్వేశాను. తర్వాత ఒకరోజు మా ఆడబిడ్డ మా ఇంటి సోఫాలో కూర్చుని, నేను పెట్టిచ్చిన చాయ్ తాగుతూ, నా మొహం మీదే ఆ మాట అనేసరికి ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇంకా చల్లారలేదు. చల్లారితే ఇది రాసేదాన్ని కాదు.

మేమిద్దరం హైటెక్ సిటీలో ఒకే ఆఫీసులో పనిచేస్తూ పెళ్ళి చేసుకున్నాం. నాది కర్నూలు. ఆయనది పుప్పాలగూడ, అక్కడ అపార్టుమెంట్లు లేవకముందు జొన్నచేలు ఉన్న కాలం నుంచీ వాళ్ళది ఆ ఊరే. ఆయనకు తల్లి తర్వాత తల్లి అంతటిది ఈ అక్క. ఆమె కాపురం బోరబండలో, మేముండేది మియాపూర్‌లో. తమ్ముడికి తలనొప్పి వచ్చినా ఆమె ఆటో ఎక్కి వచ్చేస్తుంది. అలాంటిది, ప్రాజెక్టు అయిపోయి, ఖాళీగా కూర్చోబెట్టి, చివరికి రాజీనామా రాయించుకుని ఆయన్ని ఇంటికి పంపేస్తే ఆమె ఊరుకుంటుందా? కారణం ఏమిటో వెతకడం మొదలుపెట్టింది. వెతికి వెతికి మా బాల్కనీలో ఓ మూలన నిలబెట్టి ఉన్న నా గాలం కర్ర దగ్గర ఆగింది.

"ప్రతి ఐతారం పొయ్యి జీవాల నోట్ల కొక్కెం గుచ్చుతది. గా ఉసురు ఊకెనే పోతదా? వాని కొలువు మీద పడ్డది" అంది.

నా పద్ధతేమిటో చెప్పకపోతే నా మీద పడ్డ నేరం అర్థం కాదు. చేపలు పట్టడం నేను నేర్చుకున్నది తుంగభద్ర ఒడ్డున, మా మేనమామ పక్కన కూర్చుని. ఇప్పుడు ఆదివారం తెల్లవారగానే మియాపూర్ నుంచి బయలుదేరి, పటాన్‌చెరు, సంగారెడ్డి దాటి మంజీర ఒడ్డుకు పోతాను. చేపలు పట్టకూడని అభయారణ్యం హద్దు దాటి చాలా కిందికి పోయాక, నది వంపు తిరిగేచోట ఒక మడుగు ఉంది. ఆ ఊరి మత్స్యకారుల సంఘం పెద్దమనిషిని అడిగి, ఆయన సరే అన్నాకే అక్కడ కూర్చోవడం మొదలుపెట్టాను. గోధుమపిండిలో దంచిన వెల్లుల్లి, సోంపు కలిపి ఎర ముద్ద చేసుకుంటాను. కొక్కేనికి వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును ఇంట్లోనే పట్టకారుతో నొక్కేస్తాను. ఆ ముల్లు లేకపోతే కొక్కెం తేలిగ్గా వచ్చేస్తుంది, చేప నోరు చిరగదు. దానివల్ల సగం చేపలు ఒడ్డుదాకా వచ్చి తప్పించుకుంటాయి. తప్పించుకోనీ.

పడ్డదాన్ని తడిచేతులతోనే ముట్టుకుంటాను. పొడిచేతులతో పట్టుకుంటే ఒంటిమీది జిగురు ఊడి, తర్వాత రోగం పట్టి చస్తుంది. కొక్కెం తీసి, తల పారే నీటికి ఎదురుగా ఉంచి, నీళ్ళలోనే పట్టుకుని ఆగుతాను. కాసేపటికి దానికి ఊపిరి కుదుటపడి, నా అరచేతిని తోకతో ఒక్క తోపు తోసి వెళ్ళిపోతుంది. ఆ తోపు కోసమే నేను వారమంతా ఆఫీసులో జనం మాటలు భరిస్తాను. చేపకు నొప్పి లేదని నేను ఎప్పుడూ వాదించలేదు. పుణ్యం చేస్తున్నానని అంతకన్నా అనలేదు. కానీ ఇన్నేళ్ళలో ఒక్కదాన్ని చంపలేదు.

ఇక మా ఇంటి సంగతి. నేను మంజీర నుంచి ఖాళీ చేతులతో వచ్చే వేళకు మా ఆయన బజారుకు పోయి కొర్రమట్టలు కోయించుకుని వస్తాడు. అక్క వచ్చి పులుసు పెడుతుంది. పులుసు బాగా పెడుతుంది, అది ఒప్పుకోవాలి, నేనూ రెండు ముక్కలు ఎక్కువే వేసుకుంటాను. కానీ న్యాయం చూడండి. కోయించి, ఉప్పూ పసుపూ పెట్టి కడిగి, వండుకు తింటే ఏ ఉసురూ లేదు. పట్టి, బతికుండగా నీళ్ళలో వదిలేసి వస్తే ఉసురు నాది. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"ఏం వదినా, మీరు తినే చేపకు ఉసురు ఉండదా?"

"తినేది వేరు. ఆట కోసం గుచ్చుడు వేరు" అంది, నా కంచంలోకి ఇంకో ముక్క వేస్తూ.

నిజం చెప్పాలంటే ఆ మాట నాకు గుచ్చుకుంది. కొంత ఆలోచించాల్సిన మాటే. కానీ ఆలోచించనిచ్చారా? ఎవరో చెబితే వీడియో కాల్‌లో ఒక గురువుగారిని పట్టుకున్నారు. మా ఆయన ల్యాప్‌టాప్ ముందు స్నానం చేసి కూర్చున్నాడు. మొన్నటిదాకా అదే కుర్చీలో కూర్చుని క్లయింట్లకు జవాబులు చెప్పిన మనిషి, చేతులు కట్టుకుని తల ఊపుతుంటే నాకు జాలీ, కోపం రెండూ వచ్చాయి. గురువుగారిది కోస్తా మాట, ఎంతో మర్యాద.

"జలచర దోషం కనిపిస్తోందండీ. ప్రాణంతో ఉన్న చేపలను పారే నీళ్ళలో వదలాలండీ. ఒక్క విషయం మాత్రం జాగ్రత్త. దారిలో ఒక్కటి కూడా చావకూడదు. చచ్చిందా, దోషం రెట్టింపండీ."

కొంప ముంచింది ఈ చివరి మాటే. అక్క బోరబండలో చేపల బజారుకు పోయింది. రవ్వ, బొచ్చె లాంటి చేపలు నీళ్ళలోంచి తీసిన కాసేపటికే ప్రాణం వదులుతాయి, వాటిని ఐసు మీద పరిచి అమ్ముతారు. తొట్టిలో, చారెడు మురికి నీళ్ళలో గంటల తరబడి బతికుండేవి పైకి వచ్చి గాలి పీల్చే చేపలే. వాటిలోనూ అన్నిటికన్నా మొండివి ఏవో చూపించమంది. అమ్మేవాడు చూపించాడు. ఆమె తొట్టి దగ్గర కూర్చుని, బాగా కొట్టుకుంటున్నవి చూసి చూసి ఏరింది. ఒక నీలం డ్రమ్ములో పోయించి, మూతకు చిల్లులు పెట్టించి, పసుపూ కుంకుమా అద్ది, ఆదివారం పొద్దున్నే మా ఇంట్లో దింపింది.

మూసీలో వదలరాదా అని అడిగాను.

"మూసీల ఇడిస్తే గా నురుగుకే సస్తయి. నీకు మంచి జాగ తెలుసు గద, నీ మంజీర కాడికే తోల్కపో" అంది.

నేను ఒప్పుకున్నాను. ఇంకా చెప్పాలంటే సంతోషంగా ఒప్పుకున్నాను. ఆమె ఎన్నడూ నా మడుగు చూడలేదు. ఆ నీళ్ళు చూస్తే, అక్కడ కాసేపు కూర్చుంటే, నేను అక్కడికి ప్రాణాలు తీయడానికి పోవడం లేదని ఆమెకే తెలుస్తుందని ఆశపడ్డాను. కారు నేనే నడిపాను. వెనక సీటులో ఆమె డ్రమ్మును ఒక చేత్తో పట్టుకునే కూర్చుంది, గతుకులు వచ్చిన ప్రతిచోటా మూత ఎత్తి చూసుకుంది. తమ్ముడి బతుకు ఆ డ్రమ్ములో ఉందన్నంత జాగ్రత్త. ఆ ప్రేమను నేను ఎగతాళి చేయను.

ఒడ్డుకు చేరాక మా ఆయన డ్రమ్ము దింపాడు. మూత తీశాడు. నేను తొంగి చూశాను.

చదునైన నల్లటి తలలు. నోటి చుట్టూ పొడుగాటి మీసాలు. ఒంటి మీద పొలుసు లేదు, మసిగుడ్డ లాంటి మచ్చలు. చేయంత పొడుగున్న చేపలు ఒకదాని మీద ఒకటి పాకుతున్నాయి. ఆఫ్రికా జాతి మార్పు చేపలు. క్యాట్‌ఫిష్ అని బజారులో అమ్మేవి. వీటిని పెంచవద్దని ప్రభుత్వం చెప్పినా చాటున పెంచి అమ్ముతూనే ఉన్నారు. ఎందుకు వద్దన్నారంటే అవి నీళ్ళలో పడితే చిన్న చేపలు, గుడ్లు, కప్పలు, దొరికినవన్నీ మింగుతాయి. మన చేపలు తట్టుకోలేవు. నీళ్ళు తగ్గితే బురదలోనూ బతుకుతాయి.

"వీటిని ఇందులో వదలకూడదు" అన్నాను.

"ఏంది?" అంది అక్క.

చెప్పాను. చేతులు తిప్పుతూ, గొంతు పెంచి, ముందు ఆమెకు, తర్వాత మా ఆయనకు, మళ్ళీ ఆమెకు చెప్పాను. ఈ మడుగులో రవ్వలున్నాయి, పరకలున్నాయి, రాళ్ళ సందుల్లో కొర్రమట్టలు పిల్లలను కాచుకుంటూ తిరుగుతాయి, వీటిని వదిలితే అవేవీ మిగలవు అన్నాను. ఆమె నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసింది.

"గాలమేసేటామె జీవాల మీద దయ గురించి నాకు చెప్పవట్టె" అంది.

అంతలో సంఘం పెద్దమనిషి గట్టు దిగి వచ్చాడు. హమ్మయ్య అనుకున్నాను. ఈయన బతికేదే ఈ నీళ్ళ మీద, ఈయనైనా వద్దంటాడు. ఆయన డ్రమ్ములోకి చూసి, బీడీ నోట్లోంచి తీసి, "ఇడువనీ తియ్యమ్మా. పుణ్యం జేస్తమంటే వద్దంటవేంది? ఏదైనా చేపనే గద, రేపు మా వలలనే పడ్తది" అన్నాడు. ఆ ఒడ్డు మీద నా పక్షాన ఒక్క మనిషి లేడు.

అప్పుడు నాకో ఉపాయం తోచింది. గురువుగారు చేప వదలమన్నారు, ఏ చేపో చెప్పలేదు కదా. "నేను ఇక్కడి చేపను పడతాను. దాన్ని మీరు వదలండి. అదీ ప్రాణమే" అన్నాను. వాళ్ళు అవుననేలోపే కారులోంచి కర్ర తెచ్చి, ఎర కట్టి, బెండు నీళ్ళలో వేశాను. ఉసురు తగిలిందన్న అదే గాలం. అంత కోపంతో నేను ఎప్పుడూ చేపలు పట్టలేదు. నా అదృష్టం, కాసేపటికే ఒక రవ్వ పడింది. పొలుసుల అంచులు ఎర్రగా మెరుస్తున్నాయి. మా ఆయన్ని చేతులు తడుపుకోమని, నీళ్ళలోకి దిగమని, ఎలా పట్టుకోవాలో చూపించాను. ఆయన మోకాళ్ళ లోతు నీళ్ళలో వంగి దాన్ని పట్టుకున్నాడు. అది తోక విసిరి వెళ్ళిపోయింది. ఆయన చెయ్యి చూసుకుంటూ నవ్వాడు. ఉద్యోగం పోయాక అదే మొదటి నవ్వు.

"గిట్ల పోతదా!" అన్నాడు.

అక్క మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. కొక్కెం గుచ్చి వదిలితే అది వదలడం కాదంది. మడుగుకు, డ్రమ్ముకు మధ్య నేను అడ్డంగా నిలబడ్డాను, కదలనన్నాను. ఆమె ఏడ్చింది. నాకూ ఏడుపు వచ్చింది, కానీ ఆమె ముందు ఏడవలేదు. చివరికి డ్రమ్ము మళ్ళీ కారెక్కింది.

అమ్మినవాడికే తిరిగి ఇచ్చేద్దామంటే, మొక్కిన చేపను కత్తికి పంపుతావా అని అక్క ఒప్పుకోలేదు. డ్రమ్ము మా బాల్కనీలో ఉండిపోయింది. నీళ్ళు మార్చింది ఎవరు? నేనే. ఆఫీసుకు పోయేముందు మెతుకులు వేసింది ఎవరు? నేనే. ఆ మీసాల మొహాలు పైకి వచ్చి గాలి గుక్కపట్టి మళ్ళీ కిందికి పోతుంటే చూస్తూ, మీ తప్పేం లేదే, మిమ్మల్ని ఎక్కడ ఉంచాలో ఈ మనుషులకు తెలియదు అనుకునేదాన్ని. ఒకరోజు సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి డ్రమ్ము కడిగి బోర్లించి ఉంది. తెలిసినవాళ్ళ చెరువు ఉంటే అక్కడికి పంపేశామని మా ఆయన చెప్పాడు. నమ్మాను.

తర్వాత కొన్నాళ్ళకు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక కంపెనీ నుంచి ఆయనకు ఫోన్ వచ్చింది. ఉద్యోగం ఖాయమైంది. ఆయన వంటింట్లోకి వచ్చి నన్ను పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అక్క స్వీటు డబ్బాతో దిగింది. నా నోట్లో లడ్డూ పెడుతూ, ఆనందం పట్టలేక చెప్పేసింది.

"నువ్వు ఆఫీసుకు పోయినంక మేమిద్దరం పొయ్యి గా మడుగులనే ఇడిసొచ్చినం. ఒక్కటంటే ఒక్కటి సావలే. చూసినవా, ఎట్ల ఫలించిందో!"

లడ్డూ నోట్లో ఉంది. మా ఆయన నా వైపు చూడలేదు. ఆయనకు ఉద్యోగం వచ్చినందుకు నాకు సంతోషం లేదా? ఉంది. రాత్రుళ్ళు ఆయన పైకప్పు చూస్తూ పడుకున్నప్పుడు పక్కన మేలుకుని ఉన్నదాన్ని నేనే. అందుకే ఆ పూట అరవలేకపోయాను. నా వెనకాల నా చోటికే వెళ్ళి, నేను వద్దు మొర్రో అన్న పనే చేసి వచ్చారు, అబద్ధం చెప్పారు, ఇప్పుడు దానికే నా నోరు తీపి చేస్తున్నారు. అరిస్తే ఆయన ఉద్యోగం మీద ఏడ్చినదాన్నవుతాను. లడ్డూ మింగేశాను. అంత చేదు లడ్డూ నేను తినలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒక్క డ్రమ్ము చేపలతో నది నాశనమైపోదని నాకూ తెలుసు. కానీ మా ఆయనతో పాటు ఉద్యోగాలు పోయినవాళ్ళంతా కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. ఈయన తన శుభవార్త అందులో పెట్టాడు. ఎలా వచ్చిందని అడిగితే, మరి గొప్ప మనసు కదా, అదీ పెట్టాడు. ఎవరో లొకేషన్ పంపమన్నారు. పంపాడు. నేను ఏళ్ళ తరబడి స్నేహితులకు కూడా చెప్పకుండా దాచుకున్న మడుగు, మా ఆయన ఫోనులోంచి కొండాపూర్, మాదాపూర్, గచ్చిబౌలి అంతా పాకింది. ఏ చేప కొనాలో కూడా రాసుకున్నారు, దారిలో చావనిది కావాలని చెప్పి క్యాట్‌ఫిష్ తీసుకోండని. చదువుకున్నవాళ్ళు. కోడ్‌లో ఒక చుక్క తప్పుంటే పట్టుకునేవాళ్ళు. పక్కవాడు చేసింది పనిచేసింది కాబట్టి మనమూ అదే చేద్దాం అనుకున్నారు, అంతే. ఏం వదులుతున్నామని అడిగినవాడు లేడు.

ఆదివారాలు నేను వెళ్ళేసరికి గట్టు మీద కార్లు. సెల్ఫీలు. రేగుచెట్టు ముళ్ళకు వేలాడే పాలిథిన్ సంచులు, పసుపు పూసిన బకెట్లు, తెగిన బంతిపూల దండలు. ఒకాయన చేపల సంచి విప్పకుండా అలాగే నీళ్ళలోకి విసిరేసి చేతులు జోడించాడు. నేను వెళ్ళి సంచి పైకి తీస్తుంటే వీడియోకు అడ్డం వచ్చానని విసుక్కున్నాడు. ఇది చేయకండని ఎంతమందికి చెప్పానో. ఒకావిడ నా చేతిలో గాలం చూసి, పిల్లను పక్కకు లాక్కుంది.

వానలు వెళ్ళాక సంఘం పెద్దమనిషి నన్ను చూడగానే గట్టు మీదనే నిలేశాడు. మొదట్లో ఇడువనీ అన్న పెద్దమనిషే.

"వలేస్తే గివే పడ్తున్నయి. రవ్వల పిల్లలు కనవడ్తలేవు. మీసాలవి మార్కెట్‌ల ఎవడు కొంటడు? నీ ఎంబడే వచ్చిండ్రు వీళ్ళంత. తోవ చూపిచ్చింది నువ్వే."

నేను ఆపానని, మీరే వదలనీ అన్నారని అంటే వినలేదు. "ఇగ చూడు, నీ గాలానికి గిది పడ్డదంటే మళ్ళ నీళ్ళల్ల ఇడువద్దు. ఆడనే సంపు. ఇడిస్తివంటే ఇగ నువ్వు ఈ ఒడ్డుకు రాకు" అన్నాడు. తిట్టినా, చెప్పింది న్యాయమే. అందుకే ఇంకా కోపం వచ్చింది. ఇంట్లో నేరం నాదే. ఒడ్డు మీదా నేరం నాదే.

ఆ తర్వాతి ఆదివారం మా ఆయన తనూ వస్తానన్నాడు. కొత్త ఉద్యోగం, కొత్త చొక్కా, మనసు కుదుటపడ్డ మనిషి. నా మడత కుర్చీ మోసుకొచ్చాడు. ఆ రోజు రవ్వను పట్టుకున్న చోటనే నిలబడి, మళ్ళీ ఒకటి పట్టివ్వు, వదులుతాను అన్నాడు. బెండు చాలాసేపు కదలలేదు. చిన్న పరకలు కూడా ఎర గిల్లలేదు. తర్వాత ఒక్కసారిగా మునిగింది. బరువుగా, అడుగుకు అంటుకుని, తల అటూ ఇటూ తిప్పుతూ లాగింది. ఏమిటో పైకి రాకముందే నాకు తెలిసిపోయింది. మీసాలు నీటిపైకి వచ్చాయి.

గట్టు మీద పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. నా చేతులవైపే చూస్తున్నాడు.

"ఇడిచెయ్యి, పాపం" అన్నాడు మా ఆయన.

నేను ఒక రాయి తీసి ఆయన చేతికి ఇవ్వబోయాను. "నువ్వు పోసిన ప్రాణమే కదా. నువ్వే తియ్యి" అన్నాను. ఆయన రెండు అడుగులు వెనక్కి వేశాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

నేనే చేశాను. చావనిదని ఏరి కొన్న జాతి, అది ఒక దెబ్బకు పోలేదు. తడిచేతుల్లోంచి జారి నీళ్ళ వైపు పాకింది. మోకాలితో అదిమిపట్టాను. మీసాలు కదులుతూనే ఉన్నాయి, నోరు తెరిచి గాలి గుక్కపడుతూనే ఉంది. కొడుతూ ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాను. అది కదలడం ఆగాక చూస్తే కడుపు పగిలి గుడ్లు రాతి మీదకు వచ్చాయి, చిన్న చిన్నవి, ఎన్నో. పెద్దమనిషి అవి చూసి వెళ్ళిపోయాడు.

నీళ్ళ అంచున కూర్చుని చేతులు కడుక్కున్నాను. జిగురు ఎంతకీ వదలలేదు. మా ఆయన వెనక నిలబడి ఉన్నాడు. మెల్లగా అన్నాడు.

"అక్కతోని చెప్పకు. పరేషాన్ అయితది."

నువ్వెట్లున్నావని మాత్రం నన్ను అడగలేదు.